సాల్మియాలో మాపుకర్ర నట్టువాంగం

కువైట్ వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధిలో అందరూ అడిగేది ఒక్కటే, "బంగారం ఎంత తెచ్చారు టీచరుగారూ?" అని. తేలేదంటే నమ్మరు. నా మెడ వంక ఒకసారి, చేతుల వంక ఒకసారి చూసి, బీరువాలో దాచేసిందిలే అనుకుంటూ పోతారు. నేను తెచ్చింది రెండు కిలోల ఖర్జూరం. అందులో అర కిలో విమానంలోనే అయిపోయింది.

ఏం చూశారని అడిగినవాళ్లు ఇద్దరే ఇద్దరు. "ఆఫ్రికా నాట్యం అమెరికా మీదుగా కువైట్ వస్తే, దానికి నేను నట్టువాంగం చేశాను, నేల తుడిచే మాపుకర్రతో" అని చెప్పాను. అక్కకి ఎండదెబ్బ తగిలినట్టుందని ఇద్దరూ మా చెల్లెలికి ఫోన్ చేశారు. అందుకే ఇది రాయాల్సి వచ్చింది.

ముప్పై ఏళ్లుగా విజయవాడలో కూచిపూడి నేర్పుతున్నాను, పిల్లలు ఆడుతుంటే కూచుని తాళం వేసే నట్టువాంగమూ నాదే. నా వయసు యాభై నాలుగు, నా మోకాళ్ల వయసు డెబ్బై. మా చెల్లెలు వసుంధర కువైట్‌లో ఒక అమెరికన్ పద్ధతి స్కూల్లో లెక్కలు చెబుతుంది. మా మరిది షుఐబా పారిశ్రామికవాడలో ఇంజనీరు, ఇంట్లో కనిపించే మనిషి కాదు. ఫిబ్రవరిలో చల్లగా ఉంటుంది రమ్మంటే పన్నెండు రోజులకని వెళ్లాను.

సాల్మియా

ఎడారి దేశం కదా, ఒంటెలు ఎదురొస్తాయనుకున్నాను. నాకు మొదట ఎదురొచ్చింది ఇడ్లీపిండి. సాల్మియాలో వసు వాళ్ల అపార్ట్‌మెంట్ కింద బకాలాలో, అంటే అక్కడి కిరాణా కొట్టులో, రుబ్బిన పిండి ప్యాకెట్లు, మునక్కాడలు, గోంగూర కట్టలు వరసగా ఉన్నాయి. నడిపేది కేరళ ఆయన. నాతో హిందీలో, వసుతో ఇంగ్లీషులో, పక్కనున్న ఈజిప్టు ఆయనతో అరబ్బీలో మాట్లాడాడు. మూడు భాషల్లోనూ చెప్పింది ఒక్కటే, చిల్లర లేదని.

రొట్టె మాత్రం వెళ్లినవాళ్లు తిని తీరాలి. గోడకున్న కిటికీలోంచి వేడివేడిగా అందిస్తారు. విస్తరంత రొట్టె యాభై ఫిల్సులు, మన లెక్కన పదిహేను రూపాయలకి అటూ ఇటూ. కవరు అడిగితే విచిత్రంగా చూస్తారు. అక్కడి జనం ఆరేసిన తువ్వాలు తెచ్చుకున్నట్టు చేతి మీద వేసుకుని పోతారు. నేనూ అలాగే తెచ్చాను. మెట్లెక్కేలోపు ఒక రొట్టె తక్కువైంది.

"అక్కా, నువ్వొస్తున్నావని స్కూల్లో అందరికీ చెప్పేశా, పెద్ద డ్యాన్సరువని" అంది వసు.

"పెద్ద అని ఎందుకు చెప్పావే?"

"మామూలు డ్యాన్సరంటే ఎవరు పట్టించుకుంటారు?"

ఈ ప్రగల్భమే తర్వాత నా కొంప ముంచింది.

షర్క్ చేపల మార్కెట్

మూడో రోజు వసు తన స్నేహితురాలు లొరైన్‌ని పరిచయం చేసింది. లొరైన్ అదే స్కూల్లో సంగీతం టీచరు, నల్లజాతి అమెరికన్. అరవైకి దగ్గర పడుతున్న, గుమ్మంలో తల వంచాల్సినంత పొడుగు మనిషి. ముగ్గురం షర్క్‌లో చేపల మార్కెట్‌కి వెళ్లాం. అక్కడ జుబైదీ అని ఒక చేప ఉంది, దాని పేరు చెప్పేటప్పుడు కువైటీలు పెళ్లికొడుకు పేరు చెప్పినంత మురిసిపోతారు. తీరా చూస్తే మన చందువ. కిలో ఎనిమిది దినార్లన్నాడు. రూపాయల్లోకి మార్చుకున్న పాపానికి నాకు ఆకలి చచ్చిపోయింది. రొయ్యలతో సరిపెట్టుకున్నాం.

లొరైన్ వాళ్లింట్లో ఆ రొయ్యలతో ఎర్రటి అన్నం వండింది. టమాటా, ఉల్లిపాయ, మిరప్పొడి. "ఇది మా టమాటా అన్నమే" అన్నాను. "కాదు, మా దీవి అన్నం" అంది. ఆమెది జార్జియా తీరంలో ఒక చిన్న దీవి. పడమటి ఆఫ్రికాలో వరి పండించే నేల నుంచి మనుషుల్ని బానిసలుగా పట్టుకొచ్చి అక్కడి వరి మళ్లల్లో దింపారట. "అన్నం రెండు పూటలా లేకపోతే మా ముసలాళ్లకి తిన్నట్టే ఉండదు" అంది. మాకూ అంతేనని చెప్పి మారు వడ్డించుకున్నాను.

సగంలో లొరైన్ చెంచా పక్కన పెట్టేసింది. మొన్న రాత్రి వాళ్ల హ్యాటీ పెద్దమ్మ పోయిందట.

"ఆమే నన్ను పెంచింది. స్కూల్లో సెలవడిగాను. ఫారంలో తల్లి, తండ్రి, భర్త, పిల్లలు ఉన్నారు. పెద్దమ్మకి గడి లేదు. పరీక్షల టైము, వెళ్తే ఇక రాకు అన్నారు."

ఇంగ్లీషువాళ్లకి పెద్దమ్మ, పిన్ని, మేనత్త, అందరికీ కలిపి ఉన్నదే ఒక్క మాట. ఆ ఒక్క మాటకీ సెలవు లేదంటే నాకు ఒళ్లు మండింది.

"పెద్దమ్మ నా దగ్గర మాట తీసుకుంది. నేను పోతే పూలూ గీలూ వద్దు, నాకోసం షౌట్ చెయ్యి అంది. మా ఇంట్లో ఆ పాటలు తెలిసింది ఇక నేనొక్కదాన్నే. శనివారం అక్కడ పూడ్చిపెట్టేస్తారు. ఈలోపు నేనిక్కడ చేయకపోతే మాట తప్పినట్టే."

షౌట్ అంటే అరవడం అనుకున్నాను. కాదు. గుండ్రంగా తిరుగుతూ, పాడుతూ, చప్పట్లు కొడుతూ అడుగులేయడం. బానిసలు డోలు కొడితే తిరుగుబాటు చేస్తారని దొరలకి భయం, అందుకని డోళ్లు లాగేసుకున్నారు. వీళ్లు ఆ డోలుని చేతుల్లోకీ కాళ్లల్లోకీ దించుకున్నారు. ఒకరు కూచుని చెక్క నేల మీద కర్రతో కొడతారు, ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. పాదం పాదాన్ని దాటకూడదు. దాటితే అది నాట్యం, చర్చిలో పాపం. నేలకి రాసుకుంటూ నడిస్తే భక్తి. ఈ లెక్కన నేను ముప్పై ఏళ్లుగా చేస్తున్నదీ, నలుగురికి నేర్పుతున్నదీ పాపమేనన్నమాట.

"కనీసం ఆరుగురు కావాలి" అంది లొరైన్. వసు నా వైపు చూసింది.

స్కూలు గేటు

మర్నాడు వసుని తీసుకురావడానికి స్కూలుకి వెళ్లాను. గేటు బయట ఒక ఆఫ్రికా అమ్మాయి ఇద్దరు కువైటీ ఆడపిల్లలతో చప్పట్లాట ఆడుతోంది. చేతులతో, తొడలతో, మడమలతో. చూస్తుంటే నా వేళ్లు ఊరుకోలేదు, తాళం వేద్దామని మొదలుపెట్టి రెండుసార్లు తప్పాను. ఈలోపు గేట్లోంచి వచ్చిన లొరైన్ సంచీ కింద పడేసి నిలబడిపోయింది.

"ఈ ఆట నీకెవరు నేర్పారు?"

"ఎవరు నేర్పుతారు మిస్? చప్పట్లే కదా."

"మా దీవిలో నేను ఆడిన ఆట ఇది."

ఆ అమ్మాయి పేరు మరియామా. సియెర్రా లియోన్ నుంచి వచ్చి సల్వాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తోంది. ఆ ఇంటి పిల్లల్ని తీసుకెళ్లడానికి రోజూ గేటు దగ్గరికి వస్తుంది. ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. లొరైన్ వాళ్ల దీవి ముసలాళ్ల ఇంగ్లీషు, మరియామా వాళ్ల ఊరి ఇంగ్లీషు, రెండూ నాకు అర్థం కాలేదు గానీ వాళ్లకి ఒకరిది ఒకరికి బ్రహ్మాండంగా అర్థమైంది. నేనూ వసూ పెళ్లిలో పిలవని చుట్టాల్లా నిలబడ్డాం.

ఆ కువైటీ ఇంటి కారు డ్రైవరు మా తెలుగు విని దిగి వచ్చాడు. "మనోళ్లేనా అక్కా? యాడ మీది?"

ఓబులేసుది రాయచోటి దగ్గర పల్లె. నలభై ఏళ్లుంటాయి. సల్వా ఇంట్లో పదకొండేళ్లుగా డ్రైవరు. శుక్రవారం సెలవు కదా, ఆ రోజు షౌట్‌కి మరియామాని పంపించే వీలుందా అని అడిగితే తల గోక్కున్నాడు.

"జుమ్మా నమాజు అయినాంక మామా వాళ్లు అవ్వగారింటికి బువ్వకు పోతారు. ఒంటిగంట నుంచి మూడు దాకా ఈ పిల్లకు ఖాళీనే. నేనే దింపి నేనే తీసకపోతా. మూడంటే మూడే అక్కా. సాయంత్రం ఇంటికి చుట్టాలొస్తాండారు. పది నిమిషాలు ఆలస్యమైతే మామా ఈ పిల్లను ఆఫీసుకు తిరగ్గొడతాది, నా ఇఖామా ఎత్తి చూపిస్తాది."

మామా అంటే ఇంటి యజమానురాలు. ఆఫీసు అంటే పనిమనుషుల్ని తెప్పించే ఏజెన్సీ. అక్కడికి తిరగ్గొడితే తర్వాత ఏ ఇల్లో, ఏ దేశమో ఎవరూ చెప్పలేరు. ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, ఎత్తి చూపించడమంటే దాన్ని రద్దు చేయిస్తానని బెదిరించడం. ఇవన్నీ ఓబులేసు నవ్వుతూనే చెప్పాడు, మరియామా మాత్రం నవ్వలేదు.

"వస్తాను" అంది. "మూడింటికి వెళ్లిపోతాను."

లొరైన్ వాళ్ల హాలు

బుధవారం రిహార్సలు. లొరైన్, వసు, స్కూలు టీచర్లు ముగ్గురు, నేను. కువైట్‌లో నేలంతా టైల్సు, కర్ర కొడితే టిక్కుమంటుంది తప్ప మోగదు. వసూ నేనూ బకాలా వెనక్కి వెళ్లి, నీళ్ల సీసాలు దింపుకునే చెక్క పలక ఒకటి అడిగాం. కేరళ ఆయన ఒక దినారన్నాడు. "చచ్చిపోయినావిడ కోసం" అంటే ఊరికే ఇచ్చి, పైన ఒక పాత గోనెపట్టా కూడా పెట్టాడు. కర్ర కోసం లొరైన్ మాపు తల ఊడబీకింది.

పెద్ద డ్యాన్సరుని కాబట్టి నన్ను ముందు నిలబెట్టారు. లొరైన్ పాట ఎత్తుకుంది. నేను మహా గంభీరంగా కుడి భుజం లోపలికి పెట్టి, గుళ్లో ప్రదక్షిణం చేసినట్టు బయల్దేరాను. వలయమంతా ఎదురుదిక్కుకి బయల్దేరింది. ఎదురుగా వస్తున్న జాగ్రఫీ టీచరు నుదురు నా ముక్కుకి కొట్టుకుంది.

"ఎడమ భుజం లోపలికి" అంది లొరైన్. మనకి ఆ తిరుగుడు ఒక్కచోటే కదా, శవం చుట్టూ. ఆడదాన్ని కాబట్టి అక్కడికీ నన్నెప్పుడూ రానివ్వలేదు. కాళ్లు మొరాయించాయి. బలవంతాన తిప్పుకుంటే నాలుగో అడుగులో కుడిపాదం వెళ్లి ఎడమపాదానికి అడ్డంగా వాలింది, ముప్పై ఏళ్ల అలవాటు. వలయం ఆగిపోయింది. లొరైన్ కళ్లు మూసుకుని, "పెద్దమ్మ చూసుంటే ఈ కర్రతోనే కొట్టేది" అంది.

అలా నన్ను వలయంలోంచి తీసేసి కుర్చీలో కూచోబెట్టి కర్ర చేతికిచ్చారు. మనసు చివుక్కుమంది గానీ నట్టువాంగం నాకు వెన్నతో పెట్టిన విద్య. రెండు నిమిషాల్లో పట్టేశాను. ఎంత పట్టేశానంటే, ఊపు రాగానే చెయ్యి దానంతటది మూడుసార్లు గతి తిప్పి, ధన్‌మని ముక్తాయింపు కొట్టేసింది. అందరూ ఠక్కున ఆగిపోయారు.

"ఎందుకాపావు?" అంది లొరైన్.

"ముగించాను."

"ముగించడం కర్ర పని కాదు. పాడే మనిషి చాలు అనేదాకా కర్ర నడుస్తూనే ఉండాలి."

ముగింపు లేకుండా వాయించడం నాకు ఎవరూ నేర్పలేదు. మళ్లీ మొదలుపెట్టాం, మళ్లీ ముక్తాయింపు పడింది. మూడోసారీ పడింది. జాగ్రఫీ టీచరు ముక్కు మీద వేలేసుకుని నన్ను చూసింది. ఆ రాత్రి వసు వాళ్ల వంటింట్లో నేను గరిటెతో ప్రాక్టీసు చేస్తుంటే, అరుదుగా ఇంట్లో ఉన్న మా మరిది తలుపు తీసి, "వదినా, ఏమైనా కావాలా?" అని అడిగి వెళ్లాడు.

శుక్రవారం

ఒంటిగంటన్నరకి మరియామా లొరైన్ వాళ్ల హాలుకి వచ్చింది. ఒకసారి వలయాన్ని చూసి పకపకా నవ్వింది.

"ఏంటి ఈ నడక? ఎయిర్‌పోర్టులో లైను కట్టారా? వంగండి. మోకాళ్లు వదలండి. నడుము నేల వైపు వెళ్లాలి."

వాళ్ల ఊళ్లో ఎవరైనా పోతే ఆడవాళ్లు గవ్వలు కట్టిన సొరకాయబుర్రలు ఆడిస్తూ ఇలాగే తిరుగుతారట. చేసి చూపించింది. పాదాలు నేలని వదల్లేదు, వీపు మాత్రం ముందుకు వాలి, భుజాలు సన్నగా అదిరాయి. మోకాళ్లు పక్కలకి వంచి అరమండిలో కూచున్న నా శిష్యురాళ్లెవరికీ అంత బరువు నేలలోకి దిగదు, నాకూ దిగదు. లొరైన్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"పెద్దమ్మ ఇలాగే వంగేది. ముసలితనం వల్ల నడుము వంగిపోయిందనుకున్నాను ఇన్నాళ్లూ. అది ఆటా?"

"ఆటే" అంది మరియామా. "నీకెవరూ చెప్పలేదా?"

లొరైన్ కూడా వంగింది. అంత పొడుగు మనిషి సగమైంది. అప్పుడు మొదలైంది అసలు షౌట్. అంతకు ముందు మేం చేసింది వ్యాయామం.

చివరి పాటలో పోయినవాళ్ల పేరు ఎత్తుకోవాలి. ఫలానా మనిషి వస్తోంది అని లొరైన్ పాడితే, దారివ్వండి అని అందరూ అందుకోవాలి. మాట నిలబెట్టుకోవడమంటే అదే. లొరైన్ రెండుసార్లు ఆ పాట దాకా వచ్చి, పేరు ఎత్తుకోకుండానే వేరే పాటలోకి తప్పుకుంది. నేను కొడుతూనే ఉన్నాను. రెండూ నలభై. రెండూ యాభై. మరియామా చూపు గోడ గడియారం మీదే ఉంది.

మూడయింది. కింద హారను మోగింది. సోఫా మీద మరియామా ఫోన్ మోగింది. వసు నా వంక చూసి, ఆపెయ్యమన్నట్టు చెయ్యి ఊపింది. నేను ముక్తాయింపు కొడితే అందరూ ఆగిపోతారు, బుధవారమంతా చూశాం కదా. మరియామా వేళకి కారెక్కుతుంది, ఆమె పని నిలుస్తుంది. లొరైన్ మాట పోతుంది. నాకు భయమేసింది. మణికట్టు ఆ మూడు దెబ్బల కోసం పీకేస్తోంది. నేను మరియామా వంక చూశాను. ఆమె లొరైన్ వంక చూసి, నాకు తల అడ్డంగా ఊపింది. ఆపొద్దని.

తలుపు తోసుకుని ఓబులేసు వచ్చాడు. "ఏందక్కా ఇది, మూడూ పది అయితాంది! మామా ఫోన్ మీద ఫోన్ చేస్తాండాది. యల్లా, పోదాం పా మరియామా!"

తాళం వేస్తూ మాట్లాడటం నట్టువాంగం చేసేవాళ్లకి అలవాటే. "ఇంకొంచెం ఆగు నాయనా. ఆమె పెద్దమ్మ పోయింది. ఇది ఆమెని సాగనంపడం."

"ఊరికి పోలేదా?"

"సెలవియ్యలేదు."

ఓబులేసు తిరిగేవాళ్లని చూశాడు. కారు తాళాలు జేబులో వేసుకున్నాడు.

"మా అన్నకు గుండె ఆగితే నాకూ ఇయ్యలేదక్కా. ఫోన్లో చూసినా. పాడె చుట్టూ మా చిన్నాయన కొడుకులు తిరిగినారు. నేను తిరగలా."

చెప్పులు విడిచాడు. ఎవరినీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు, ఎడమ భుజం లోపలికి పెట్టి మరియామా వెనకాల చేరాడు. వాళ్లు ఏ లెక్కన అడుగు వేస్తున్నారో అతను పట్టించుకోలేదు, మామూలుగా నడిచాడు. లొరైన్ అతన్ని చూసింది. కర్ర ఒక్కటే మోగుతోంది. తర్వాత చుట్టులో ఎత్తుకుంది.

"హ్యాటీ వస్తోంది!"

దారివ్వండి, అన్నాం అందరం. నా గొంతు నాకే వినిపించలేదు. మళ్లీ అంది, మళ్లీ అన్నాం. లొరైన్ ఏడుస్తూనే పాడుతోంది, ఒక్క అక్షరం తప్పలేదు. మరియామా వాళ్ల అమ్మమ్మ పేరు ఇచ్చింది, దానికీ దారి అడిగాం. ఓబులేసుకి పద్ధతి అర్థమైనట్టుంది. నా ముందు నుంచి వెళ్తూ, గుళ్లో పూజారికి గోత్రం చెప్పినట్టు గట్టిగా, "రామాంజులు" అన్నాడు.

లొరైన్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "రామాంజులూ వస్తున్నాడూ" అని జార్జియా దీవి రాగంలో ఎత్తుకుంది. దారివ్వండి, అన్నారు జాగ్రఫీ టీచరు, వసు, మరియామా, అందరూ. ఓబులేసు ముఖం నేను చూడలేదు, చూస్తే నా చెయ్యి తప్పేది.

అతని జేబులో ఫోన్ మోగింది. తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు, నడక మాత్రం ఆపలేదు. అవతల మామా కేకలు నా కుర్చీ దాకా వినపడుతున్నాయి. ఆ మూడింటి వేళ ఊరంతా బువ్వ తిని పడుకుని ఉంటుంది, కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద ఒక్క కారు లేదు.

"జహ్మా, మామా" అన్నాడు ఓబులేసు, కళ్లు తుడుచుకుంటూ. "రోడ్డంతా ట్రాఫిక్. కారు కదలడం లేదు."